కాలువ గట్టు మీద సైకిల్.. గుండెకు మంచిదే, రోడ్డు సంగతేంటి?

వారానికి 150 నిమిషాలు. పెద్దవాళ్లు కనీసం ఇంతసేపైనా కాస్త ఆయాసం వచ్చేలా ఒంటికి పని చెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది 2022లో ఈ మాత్రం శ్రమ కూడా చేయలేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఇలాంటి లెక్కలు చదవగానే మనకు జిమ్, వాకింగ్ ట్రాక్ గుర్తొస్తాయి. కానీ గోదావరి డెల్టాలో ఉండేవారికి ఇంటి దగ్గరే ఇంకో సదుపాయం ఉంది. అదే కాలువ గట్టు, దాని మీద సైకిల్. మరి వెళ్లినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరేలా ఆ దారులు ఉన్నాయా?

పడవలు లాగిన దారులు

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వెళ్లే కాలువల కింద ఇవాళ దాదాపు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ఆ కాలువలను సాగునీటికే కాదు, పడవల రాకపోకలకు కూడా తవ్వారు. గాలి అనుకూలించనప్పుడు గట్టు మీద నడుస్తూ పడవలను తాడుతో లాగేవారు. అంటే ఈ గట్లు మొదటి నుంచీ మనిషి నడిచిన దారులే. ఐరోపాలో డాన్యూబ్ నది ఒడ్డున ఒకప్పుడు గుర్రాలతో పడవలు లాగించిన బాటలు ఇప్పుడు సైకిల్ దారులయ్యాయి. జర్మనీలోని పాసౌ నుంచి వియన్నా వరకు 300 కిలోమీటర్లకు పైగా అలా తొక్కుకుంటూ వెళ్లొచ్చు.

కాలువ గట్టుకు ఇంకో సుగుణం ఉంది. నీరు తనంతట తాను పారాలి కాబట్టి కాలువ వాలు చాలా స్వల్పంగా ఉంటుంది. దాని పక్కన వేసిన రోడ్డుకూ దాదాపు అదే వాలు. ఎత్తులు ఎక్కే పని ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవారికి, బరువు ఎక్కువున్నవారికి, మోకాళ్లు నొప్పి పెట్టేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

సైకిల్ తొక్కేటప్పుడు శరీరం బరువును చాలావరకు సీటు మోస్తుంది. పరుగులో పడినట్టు ప్రతి అడుగుకూ మోకాలి మీద దెబ్బ పడదు. తొడ కండరాలు, పిరుదుల కండరాలు ఒంట్లోని పెద్ద కండరాలు. అవి పనిచేస్తున్నంత సేపు రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలోనూ ఇది జరుగుతుంది. మధుమేహం ఉన్నవారికి సైకిల్ మేలు చేయడానికి ముఖ్య కారణం ఇదే.

బ్రిటన్‌లో 2.6 లక్షల మందిని పరిశీలించి 2017లో బీఎంజే పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో సైకిల్ మీద పనికి వెళ్లేవారిలో మరణాల ముప్పు 41 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 46 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యవంతులే ఎక్కువగా సైకిల్ ఎక్కుతారు కాబట్టి ఈ తేడా మొత్తం సైకిల్ చలవే అనలేం. పైగా అది బ్రిటన్ రోడ్ల లెక్క. మన దగ్గర అంత మేలు జరగాలంటే ముందు రోడ్డు మీద ప్రాణాలకు భద్రత ఉండాలి.

ఎక్కడ తొక్కొచ్చు?

రాజమహేంద్రవరంలో ఉంటే గోదావరి గట్టు నుంచి ధవళేశ్వరం వరకు వెళ్లి రావడంతో మొదలుపెట్టండి. కాస్త అలవాటయ్యాక తెల్లవారాక, వాహనాలు పలచగా ఉన్న వేళ చూసుకుని బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం వైపు సాగండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల బ్యారేజీ, మధ్యలో లంకలు దాటుతూ వెళ్తారు. రెండో దారి కడియం, కడియపులంక నర్సరీల వైపు. పచ్చదనం, నీడ రెండూ దొరుకుతాయి.

కోనసీమలో అయితే రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మధ్య పెద్ద రోడ్డు వదిలేసి పంట కాలువల పక్కనున్న ఊరి దారులు పట్టండి. ఇంకా దూరం వెళ్లగలిగితే ముక్తేశ్వరం రేవులో సైకిల్‌తో సహా పంటు ఎక్కి గౌతమి దాటండి. అవతల కోటిపల్లి, అక్కడి నుంచి ద్రాక్షారామం. నరసాపురం వైపు వారికి సఖినేటిపల్లి పంటు దాటితే అంతర్వేది దారి. వరద రోజుల్లో పంట్లు ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఏటిగట్టు దారులకు వెళ్లకండి.

సముద్రం వైపు ఊళ్లలో పొద్దెక్కే కొద్దీ గాలి కడలి నుంచి లోపలికి వీస్తుంది. ఉదయాన్నే సముద్రం వైపు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలి వీపున తగిలేలా చూసుకుంటే అలసట తగ్గుతుంది.

ముప్పు ఎక్కడ పొంచి ఉంది?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 4,800 మందికి పైగా సైకిల్ మీద వెళ్తున్నవారు. పాదచారులు 32 వేలకు పైనే. వీరిలో ఎవరికీ చుట్టూ ఇనుప డొక్కు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు.

డెల్టాలో సైకిల్ తొక్కేది ఆరోగ్యం కోసం ఆదివారం బయల్దేరేవాళ్లే కాదు. పాల క్యాన్లు తగిలించుకున్న రైతు, కూలి పనికి వెళ్లే మనిషి, ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ల మీద హైస్కూలుకు వెళ్లిన ఆడపిల్లలు.. అందరిదీ అదే గట్టు. మీకు నచ్చకపోతే ఆదివారం ఇంట్లో ఉండిపోవచ్చు. వాళ్లకు ఆ వీలు లేదు.

గట్టు రోడ్డు గుంతలు పడితే బాగు చేయమంటాం. తారు వేయగానే వాహనాల వేగం పెరుగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తే మొదట పోయేది పక్కనున్న మట్టి అంచు, దాంతోపాటు నీడనిచ్చే చెట్లు. ఒకవైపు కాలువ, దానికి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. వెనక ఇసుక ర్యాంపు నుంచి వచ్చే లారీ, ఎదురుగా గడ్డి ట్రాక్టర్. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. కల్లాలకు చోటు లేని రైతును తప్పుపట్టలేం. కానీ సైకిల్ మీదున్న మనిషి ఆ రాళ్లను తప్పించుకోబోయి లారీకి అడ్డుపడే ప్రమాదం ఉంది. వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. కాబట్టి నున్నటి రోడ్డు ఒక్కటే సరిపోదు. దాని మీద వేగాన్ని కట్టడి చేయాలి.

హైదరాబాద్ నమూనా ఇక్కడ సరిపోతుందా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023లో ప్రారంభించారు. వాహనాలతో సంబంధం లేకుండా, ఎండ తగలకుండా తొక్కొచ్చు. అది మంచి పనే. కానీ నగరంలో చాలామంది అక్కడికి చేరాలంటే సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్లాలి. అది వ్యాయామానికి పనికొస్తుంది గానీ, బడికో పనికో వెళ్లే దారి కాదు.

డెల్టాకు కావాల్సింది వేరు. ఇక్కడ దారి ఉంది, తొక్కేవాళ్లూ ఉన్నారు. కోట్లు పోసి కొత్త ట్రాక్ వేయనక్కర్లేదు. ఉన్నదాన్ని కాపాడితే చాలు. గట్టు రోడ్డుకు నిధులు మంజూరైన ప్రతిసారీ అంచనాల్లో నాలుగు పనులు కలపాలి. కాలువ వైపు రెయిలింగ్. రోడ్డుకు ఒక పక్కన చదును చేసిన, సైకిల్ నడిచే అంచు. ఊళ్ల దగ్గర, బడుల దగ్గర వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు, బడి వేళల్లో ఇసుక లారీలకు నిషేధం. కొట్టేసిన చెట్ల బదులు కొత్త మొక్కలు. సమాంతరంగా రెండు గట్లున్న చోట ఒకదాన్ని నడకకు, సైకిళ్లకే వదిలితే ఇంకా మంచిది.

సైకిల్ దారుల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఇప్పటికే ఉన్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత భద్రతా ప్రమాణాలు పాటించకుండా వేసిన రోడ్డు వల్ల ప్రాణం పోతే లేదా అంగవైకల్యం కలిగితే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. అడగడానికి చట్టం ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

బయల్దేరే ముందు..

* పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు ఎత్తు సరిచేసుకోండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

* మొదటి వారం రోజుకు 15-20 నిమిషాలు చాలు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

* గుండె జబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తున్నా ముందు డాక్టరును కలవండి.

* ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే జేబులో గ్లూకోజు పొడి, బిస్కెట్లు ఉంచుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే దిగిపోండి.

* వేసవిలో ఎనిమిదింటికల్లా ఇంటికి చేరండి. డిసెంబరు, జనవరి మంచులో వెనక ఎర్ర లైటు, లేత రంగు చొక్కా తప్పనిసరి. హెల్మెట్ ఏ కాలమైనా ఉండాల్సిందే.

మీరు రోజూ తొక్కే గట్టు మీద రెయిలింగ్ లేని మలుపులు, లారీలు దూసుకొచ్చే చోట్లు మీకే బాగా తెలుస్తాయి. వాటి ఫొటోలు తీసి, కిలోమీటరు రాయి నంబరుతో సహా రాసిపెట్టుకోండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మీ వెనకే బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రుల చేత కూడా దాని మీద సంతకాలు పెట్టించండి.