పాడే మనిషి ఎదురుగా కూర్చో, బిడ్డా

బిడ్డా,

జగిత్యాలలో కోచింగుకు పోతున్నవో, కోరుట్లలో అమ్మ పక్కన బీడీలు చుట్టుకుంట డిగ్రీ చదువుతున్నవో, సిరిసిల్లలో రాత్రి డ్యూటీ దిగి నిద్రకండ్లతో ఇది చూస్తున్నవో నాకు తెల్వదు. ఎక్కడున్నా చల్లగుండు. మొన్న మా మనుమరాలు హైదరాబాదుకు పోయి, తనకు ఇష్టమైన గాయకుని కచేరీ చూసి వచ్చింది. "తాతా, ఆయన పాడుతుంటే ఏడుపు ఆగలేదు. నేను కూడ ఏదన్న చెయ్యగలననిపించింది" అన్నది. ఇంట్ల వాళ్లు టికెట్ పైసల సంగతి ఎత్తిండ్రు గాని నాకు మాత్రం ఆ పిల్ల మాట మనసుల నిలిచిపోయింది. ఆ ఏడుపు ఏందో నాకు తెలుసు. అది నీకూ దొరకాలని ఈ ఉత్తరం రాస్తున్న.

మీ వయసుల మాకు స్టేడియాలు లేవు, టికెట్లు లేవు. ఒగ్గుకథ ఉండేది. వేములవాడ పక్కన హనుమాజిపేట నీకు తెలిసే ఉంటది. 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న సి. నారాయణరెడ్డి పుట్టిన ఊరు. ఒగ్గుకథ మిద్దె రాములు ఊరు కూడ అదే. పుస్తకాలల్ల చదువుకునే కవినీ, తెల్లారేదాక కథ చెప్పి జనాన్ని కూచోబెట్టే కళాకారుణ్నీ ఒక్క ఊరే కన్నది చూడు. రాములు 2010లో పోయిండు. ఆయన కథ విన్నోళ్లం ఇంకా కొందరం ఉన్నం. మేము పోకముందే నీకు చెప్పాలె.

ఒగ్గుకథకు కావలసింది చాలా తక్కువ. ఒక కథకుడు, పక్కన వంతలు, డోలు, తాళాలు, నపీర, చేతిల ఒగ్గు అనే చిన్న డమరుకం. తెర లేదు, రంగురంగుల లైట్లు లేవు. గుడ్డ ఒక తీరుగ చుట్టుకుంటే ఆ మనిషే రాజు, కొంగు కప్పుకుంటే ఆయనే తల్లి. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ. అన్నీ ఊరందరికీ తెలిసినవే. మరి తెలిసిన కథకు రాత్రంత ఎందుకు కూచునేది? ఆ రాత్రి ఆ కథ మన మొఖాలు చూసి చెప్పేటోడు గనుక. ముందట కూచున్న ముసలమ్మ కండ్లు తుడుచుకుంటే ఆ ఘట్టాన్ని ఇంకింత సాగదీసేటోడు. పిల్లగాండ్లు నిద్రకు జోగుతుంటే వంతతోని ఒక హాస్యం ఆడించి లేపేటోడు. అట్ల వినేటోళ్లకు కూడ ఆ కథల సగం పాలు ఉండేది. ఫోన్ల పాటకు నువ్వు ఏడ్చినా ఒక్కటే, నిద్రపోయినా ఒక్కటే. ఎదురుగ నిలబడి పాడే మనిషికి నీ చెవి కావాలె, నీ కండ్లు కావాలె, నువ్వు అక్కడ ఉండాలె. "నేను ఎవ్వరికి అక్కరున్న" అని లోపల్లోపల కుమిలే వయసు మీది. నువ్వు ఉంటేనే ఈ పాట నిండుతదని ఒక పెద్ద కళాకారుడు నీ మొఖంలకు చూస్తే, అంతకు మించిన ధైర్యం ఏమున్నది బిడ్డా?

నేను సాంచెల నడుమ, అంటే మరమగ్గాల నడుమ బతికినోన్ని. ఆ చప్పుడుల పక్కన నిలబడ్డ మనిషి మాట కూడ వినపడదు. పన్నెండు గంటల డ్యూటీ అయినంక చెవులల్ల అదే మోత. ఎవరి పోగు వాళ్లదే, ఎవరి అప్పు వాళ్లదే. నేతన్నల చావుల వార్తలు సిరిసిల్ల నుంచి ఒకటెనుక ఒకటి పేపర్ల వచ్చిన రోజులు కూడ నేను చూసిన. పాట ఎవరి అప్పూ తీర్చదు. నీకు అబద్ధం చెప్ప. కాని పదిమంది నడుమ కూచొని ఒక్క కథకు ఒక్కసారే ఏడ్చినోనికి, తన కష్టం తన ఒక్కనిదే కాదని తెలుస్తది. తెల్లారి మల్ల సాంచె మీదికి పోయే కాళ్లల్ల కొంచెం బలం ఉంటది. నాకు ఆ బలం అట్లనే దొరికింది.

గద్దర్ సంగతి కూడ చెప్త. తూప్రాన్‌ల 1949ల పుట్టిన గుమ్మడి విఠలే ఆయన. ఆయన రాజకీయం అందరికీ నచ్చాలని లేదు, ఆ లెక్క నువ్వే తేల్చుకో. నేను చెప్పేది ఆయన పాడిన తీరు గురించి. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, పల్లెల్ల మన తాతలు పాడుకున్న బాణీలు. పల్లవి ఒక్కసారి అంటే జనం అందుకునేటట్టు కట్టేటోడు. రెండోసారికి పాట ఆయన గొంతుల ఉండేది కాదు, మైదానమంత పాడేది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగినయి. ఒక తూటా వెన్నులనే ఉండిపోయింది. ఆ తూటాతోనే 2023 ఆగస్టు 6న కన్ను మూసేదాక, ఇరవై ఆరేండ్లు ఆడిండు, పాడిండు. పాట రికార్డులో వింటే గొంతు ఒక్కటే వినపడుతది. ఎదురుగ చూసినోళ్లకు ఆ చెమట, ఆ ఆయాసం, నొప్పి మీద ఎత్తిన ఆ అడుగు కనపడ్డయి. మనిషి ఇంత చెయ్యగలడా అనిపించి, మన రోజు పని కొంచెం తేలికయ్యేది.

అట్ల అందరు కలిసి పాడే తీరు పోయి, ఇప్పుడు బతుకమ్మకు కూడ డీజే వస్తున్నది. బతుకమ్మల చూసేటోళ్లంటూ ఎవరుండేది? ఒక పెద్దమ్మ ఎత్తుకుంటే చుట్టు తిరిగే ఆడబిడ్డలందరు అందుకునేది. గొంతు బాగున్నదా లేదా అని అడిగినోళ్లు లేరు. ఆ పెట్టెల చప్పుడుల ఇప్పుడు పక్కన ఆడే చెల్లె గొంతు కూడ వినపడుత లేదు. ఇది మీ తప్పు కాదు బిడ్డా. ఆటపాటలు కూడు పెట్టవని మిమ్మల్ని పుస్తకాల ముందు కూచోబెట్టినం, కథ ఉన్న రాత్రి మిమ్మల్ని ఇంట్లనే పండబెట్టినం. వినే అలవాటు మేము మీ చేతుల పెట్టకపోతే అది మీకు ఎట్ల వస్తది?

అందుకే నీకు ఇష్టమైన గాయకుడు ఎవరైనా సరే, సినిమా పాటలు పాడేటోడైనా సరే, చాతనైతే ఒక్కసారి ఎదురుగ పోయి విను. ఫోన్ జేబుల పెట్టు. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నడో, తప్పిన సుతిని ఎట్ల దిద్దుకుంటున్నడో, వెనుక డోలు కొట్టే మనిషిని ఎట్ల చూస్తున్నడో గమనించు. నీకు ఏ పని ఇష్టమో ఆ పనిల కూడ అంత కష్టం, అంత ఇష్టం పెట్టాలని నీకు నువ్వే అనుకుంటవు. హైదరాబాదు దాక పోలేకపోతే బాధపడకు. మల్లన్న పట్నాలు వేసే కాడికి పో, ఎల్లమ్మ పండుగకు పో, ఒగ్గోళ్లు ఇంకా ఉన్నరు. కథ అయినంక వాళ్ల పేర్లు అడుగు, చేతిల నాలుగు పైసలు పెట్టు. వినేటోళ్లు లేక వాళ్లు డోలు దించి దుబాయి బాట పట్టకుంట చూడు.

నీ చదువు పండాలె, నీ పని నిలవాలె, నువ్వు నలుగురి నడుమ నవ్వుకుంట బతకాలె. ఈ తాత నిన్ను అడిగేది ఒక్కటే. వచ్చే బతుకమ్మకు మీ వాడకట్టుల ఒక్క గంటన్న డీజే బందు పెట్టించు, మీ అమ్మమ్మనో నానమ్మనో పాట ఎత్తుకొమ్మను, నువ్వు పక్కన నిలబడి అందుకో.

ఇట్లు,
మీ తాత,
సిరిసిల్ల