గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గర?

బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్లకు బట్టల కొట్టు ఉంది. పెద్దబ్బాయి వ్యాపార శిక్షణ తరగతుల్లో చేరతానంటున్నాడట. “ఫీజు వేలల్లో ఉంది. అంత కడితే కొట్టు పెరుగుతుందా, అన్నయ్యగారూ?” అని అడిగారు.

పెరగవచ్చునమ్మా. ఊరికే అనడం లేదు. మా యానానికి పొరుగున ఉన్న కాకినాడలో ఈ సంగతి పరీక్షించి చూశారు. 1964-65లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారులను 50 మందికి పైగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సుమారు పది రోజులు అక్కడే ఉంచి నేర్పింది.

నేర్పింది పద్దులు రాయడం కాదు. రింగులు విసిరే ఆట ఆడించారు! గూటానికి ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మరీ దగ్గరైతే గెలిచినా పస లేదు, మరీ దూరమైతే అదృష్టమే దిక్కు. ప్రయత్నిస్తే అందేంత దూరం ఎంచుకోవడమే పాఠం. బొమ్మలు చూపి కథలు రాయించారు. రాబోయే రెండేళ్లలో ఏం సాధిస్తారో ఎవరిది వారిచేతే రాయించారు.

తరవాత రెండేళ్లపాటు గమనించి, శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతోనూ పోల్చారు. కొత్తగా పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్లను చేర్చుకోవడంలో శిక్షణ పొందినవారే ముందున్నారు. ఆచారాలు, నమ్మకాలు మార్చుకోవలసిన అవసరమూ రాలేదు. ఈ వివరాలన్నీ 1969లో పుస్తకంగా వచ్చాయి.

అందులో మన కుటుంబాలకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. ఫలితం బాగా కనిపించింది సొంతంగా నిర్ణయాలు తీసుకోగలవారిలోనే. పైన ఇంకొకరి మాట చెల్లుబాటయ్యే చోట పెద్దగా మార్పు లేదు. నేను చూసినంతలో మనవాళ్ల కొట్లలో జరిగేదీ ఇదే. కుర్రవాడు కొత్త ఆలోచనలతో తిరిగొస్తాడు, గల్లాపెట్టె తాళం మాత్రం నాన్నగారి మొలలోనే ఉంటుంది. ఆర్నెల్లకు వాడు మళ్లీ తానులు మడత పెడుతూ కూర్చుంటాడు.

కనుక సోదరీ, ఫీజు కట్టేముందు రెడీమేడ్ దుస్తుల భాగం అబ్బాయికి విడిగా అప్పగించండి. ఏ సరుకు తేవాలి, ఎంతకు అమ్మాలి, ఎవరికి అరువివ్వాలి – ఏడాదిపాటు అన్నీ వాడికే వదిలేయండి. బావగారు ఒప్పుకోకపోతే ఆ తరగతికి ఆయన్నే పంపండి.