బండి వయసు లెక్క సరే, బ్రేక్ ఆయిల్ వయసు మాటేమిటి?

కోల్‌కతా వీధుల్లో పసుపు రంగు అంబాసిడర్ ట్యాక్సీలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. నగరానికి దగ్గర్లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 2014 మే నెలలో ఆ కారు తయారీని నిలిపివేసింది. అంతకు ముందే, 2008లో, పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను కోల్‌కతా మహానగర ప్రాంతం నుంచి తొలగించాలని కలకత్తా హైకోర్టు ఆదేశించింది. వాయు కాలుష్యాన్ని తగ్గించడం ఆ ఆదేశం ఉద్దేశం. పొగ విషయంలో ఈ లెక్కకు అర్థముంది. అయితే పాత బండి అంటే ప్రమాదకరం, కొత్త బండి అంటే భద్రం అన్న భావన కూడా దీనితో పాటే జనంలో స్థిరపడుతోంది. బ్రేకుల విషయంలో ఇది సగమే నిజం. వాటి భద్రత బండి తయారైన సంవత్సరం కన్నా, లోపలి ద్రవాన్ని ఎప్పుడు మార్చారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

కారు బ్రేకు పెడల్‌ను తొక్కినప్పుడు ఆ బలం ఒక కడ్డీ ద్వారా మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌కు చేరుతుంది. పిస్టన్ కాస్త ముందుకు జరగగానే, పైనున్న ఆయిల్ డబ్బాకు దారితీసే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ఇక ద్రవానికి వెనక్కి వెళ్లే దారి ఉండదు. ద్రవాలు ఒత్తిడికి దాదాపుగా కుంచించుకుపోవు కాబట్టి, పాస్కల్ నియమం ప్రకారం ఆ పీడనం గొట్టాల గుండా అన్ని చక్రాలకూ ఒకే తీరుగా అందుతుంది.

ఒక లెక్క చూద్దాం. కాలు 20 కిలోల బరువుతో తొక్కిందనుకుంటే, పెడల్ ఒక మీటలా పనిచేసి దాన్ని అయిదు రెట్లు చేస్తుంది. అప్పుడు పిస్టన్ మీద 100 కిలోల బలం పడుతుంది. పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లయితే, ప్రతి చదరపు సెంటీమీటరుపై పీడనం సుమారు 33 కిలోలు. చక్రం దగ్గరి పిస్టన్ వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లయితే అక్కడ పుట్టే బలం దాదాపు 500 కిలోలు.

బలం ఇంతగా పెరిగినా, మాస్టర్ సిలిండర్ నెట్టగలిగే ద్రవం మాత్రం చాలా కొద్ది. పిస్టన్ మొత్తం 3 సెంటీమీటర్లు జరిగినా కదిలేది 9 ఘన సెంటీమీటర్లే. వ్యవస్థలో ద్రవం తప్ప ఇంకేదీ ఉండకూడదన్న షరతు ఇక్కడి నుంచే వస్తుంది.

సాధారణ బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఆధారిత ద్రవం. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత దగ్గరి సందుల గుండా నీరు నెమ్మదిగా లోపలికి చేరుతుంది. వానాకాలంలో గాలిలో తేమ తరచూ 80 శాతం దాటే కోల్‌కతా వంటి నగరంలో దీనికి అవకాశం ఎక్కువ. డాట్-3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదన్నది ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు కలిస్తే ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4కు ఈ అంకెలు 230, 155.

మాటిమాటికీ బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడికి ఈ ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. 5 మిల్లీగ్రాముల నీరు ఆవిరైతే, సాధారణ వాతావరణ పీడనం వద్ద 8 ఘన సెంటీమీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అప్పుడు పెడల్ కదలికంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది. పెడల్ నేలను తాకుతుంది కానీ బండి ఆగదు.

ఇప్పటి మాస్టర్ సిలిండర్లలో రెండు పిస్టన్లు, రెండు వేర్వేరు మార్గాలు ఉంటాయి. ఒకదాంట్లో ఆయిల్ కారిపోయినా రెండోది పనిచేస్తుంది. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకే వయసు ఆయిల్. లీకు నుంచి కాపాడే ఈ ఏర్పాటు, తేమ పట్టిన ద్రవం నుంచి పూర్తిగా కాపాడలేదు. పైగా ఆ తేమ సిలిండర్ లోపలి గోడను తుప్పు పట్టిస్తుంది. గరుకైన గోడకు రాసుకుని రబ్బరు సీళ్లు అరుగుతాయి. అప్పుడు బయట చుక్క కారకపోయినా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంది.

కోల్‌కతా నేల చదును కాబట్టి ఈ లోపం చాలాకాలం బయటపడకపోవచ్చు. అదే బండి డార్జిలింగ్ కొండ దిగేటప్పుడు బయటపడుతుంది. విశాఖలో ఉక్కపోతను భరించి అరకు ఘాట్ దిగే కారుకూ ఇదే వర్తిస్తుంది. చల్లని బ్రేకులతో రోలర్ల మీద చేసే పరీక్షలో బండి నెగ్గినంత మాత్రాన, వేడెక్కినప్పుడు ఆయిల్ మరగదని చెప్పలేం.

అందుకే ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేక్ ఆయిల్ తేమను కూడా కొలవాలి. దీనికి చేతిలో ఇమిడే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. ఆయిల్ మార్చిన తేదీని డబ్బా మీదే అతికించడం మెకానిక్కులకు అలవాటు కావాలి. ఇది ట్యాక్సీ నడుపుకుని బతికేవారికి అదనపు భారమన్న అభ్యంతరం రావచ్చు. కానీ ఒక కారుకు పట్టే ఆయిల్ సాధారణంగా లీటరుకు మించదు. బండిని తుక్కుకు ఇవ్వడంతో పోలిస్తే ఆ ఖర్చు ఎంత? మట్టం తగ్గినప్పుడల్లా కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోవడం మాత్రం పరిష్కారం కాదు. లోపలి పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది, అది ఎందుకు తగ్గిందన్న ప్రశ్న కూడా మరుగున పడుతుంది.

పదిహేనేళ్ల బండిలో నిరుడు మార్చిన ఆయిల్ ఉండవచ్చు, అయిదేళ్ల బండిలో అయిదేళ్ల నాటి ఆయిలే ఉండవచ్చు. తనిఖీ అధికారి ఈ తేడాను చూడగలిగినప్పుడే ఫిట్‌నెస్ పత్రం బ్రేకుల గురించి నమ్మదగిన మాట చెబుతుంది.