ఉప్పు ఒక దారిన, నీరు ఒక దారిన

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు, రాత తమిళం. దక్షిణానికి తరలివచ్చిన తనవాళ్ల కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. ఆయనది ఏ నేల అంటే ఒక్క ముక్కలో చెప్పలేం. అక్కడి నల్లరేగడి బావుల్లో ఊరే ఉప్పునీళ్లదీ అదే వరస.

బావిలో ఉప్పునీళ్లు పడితే చాలు, తూత్తుకుడి సముద్రం మీదికి నెపం పోతుంది. నాలుకకు తెలిసేది ఉప్పొక్కటే మరి. నీటి పుట్టుక తెలియాలంటే అందులోని బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పాళ్లు చూడాలి. లోకంలో ఎక్కడి వాననీటిలోనైనా ఈ రెండూ, గ్రాఫ్ గీస్తే, దాదాపు ఒకే గీత మీద నడుస్తాయని 1961లో భూరసాయన శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ చూపించాడు. చెరువులో ఎండకు ఇగరగా మిగిలిన నీరు ఆ గీత తప్పుతుంది. సముద్రం కలిస్తే సముద్రపు పాళ్ల వైపు మొగ్గుతుంది. రాతిలోని ఉప్పు కరిగినా, పైరు వేళ్లు నీరు తాగి ఉప్పు వదిలేసినా నీరు గీత తప్పదు. ఆ రెంటినీ విడదీయడానికి క్లోరైడ్, బ్రోమైడ్‌ల లెక్క కావాలి.

1966లో ఇదే పద్ధతిలో రాబర్ట్ క్లేటన్ బృందం ఉత్తర అమెరికాలోని ఇల్లినాయ్, మిషిగన్, అల్బెర్టా తదితర ప్రాంతాల లోతుల్లోని చిక్కటి ఉప్పునీటిని పరీక్షించింది. అది నేలలో చిక్కిన పాత సముద్రమేనని నమ్ముతున్న రోజులవి. తీరా చూస్తే నీరు చాలావరకు ఆ ప్రాంతపు వానదే! కొన్నిచోట్ల పాత సముద్రపు వాటా కూడా మిగిలే ఉందని తర్వాతి పరిశోధనలు సవరించాయనుకోండి. ఏమైనా, ఉప్పు ఎక్కడిది, నీరు ఎక్కడిది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని అప్పుడు తేలింది.

కోవిల్‌పట్టికి తూత్తుకుడి సుమారు 60 కిలోమీటర్లు. అంత దూరం రాతినేల దాటుకుని సముద్రం ఎగదన్నుకొస్తోందంటే నమ్మబుద్ధి కాదు. ఎండనూ సేద్యాన్నీ ముందు అనుమానించాలి. ఈశాన్య రుతుపవనాల వాననీరు నైరుతి వానకన్నా తేలిక కాబట్టి, బావిలోకి ఏ వాన ఇంకిందో కూడా పట్టుకోవచ్చు. అందుకు సీసాను బావినీటిలో ముంచి, గాలిబుడగ మిగలకుండా నింపి, మూత బిగించాలి. కాస్త ఆవిరైనా లెక్క చెడుతుంది. కొలిచే యంత్రాలు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్నాయి. తమిళ మాసం ఐప్పసిలో పడే ఈశాన్య వానలకు ముందొకసారి, తర్వాతొకసారి సీసాలు నింపి పంపే పని కోవిల్‌పట్టి కాలేజీలే చేయొచ్చు.