ఆ పిల్లకు తల్లి ఉంది

మక్తల్ దగ్గర మా బావగారి చేలో కంది కోత నడుస్తోంది. పొద్దు నడినెత్తికి రాకముందే కొడవళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కంది మొదళ్ల మధ్య, ఎండుటాకు రంగులో, ఒక జింకపిల్ల. మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి అంటించుకుని పడుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఇంతమందిమి చుట్టూ మూగినా లేవలేదు, అరవలేదు. "తల్లి సచ్చిపోయినట్టుంది సార్, లేకుంటే గిట్ల ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతదా" అన్నాడు కోతకు వచ్చిన ఒకాయన. అందరికీ అదే నిజమనిపించింది. నాకూ అనిపించింది. తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకొచ్చాం.

మందుల షాపు నుంచి పాలసీసా తెప్పించాం. గేదెపాలలో నీళ్లు కలిపి గోరువెచ్చగా పట్టాం. పిల్లలు పేరు పెట్టేశారు. ఆ రాత్రికి చుట్టాలందరి స్టేటస్‌లలో అదే, ఎవరో ఒకరి ఒళ్లో. మూడో రోజు పారుడు మొదలైంది. తోక కింద బొచ్చు తడిసి కాళ్లకు అతుక్కుపోయింది. పశువుల డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించాడు. ఐదో రోజు తెల్లవారుజామున చనిపోయింది. పూడ్చిపెట్టి వస్తుంటే గొర్రెల కాపరి ఒకాయన ఎదురుపడి చెప్పాడు: "మీరు పిల్లను తీస్కపోయిన్నాడు పొద్దుగూకేటప్పుడు ఆడజింక గా గట్టు మీదికి మూడుసార్లు వచ్చిపోయింది. తెల్లారి గూడ వచ్చింది."

తల్లి చావలేదు. తల్లి దగ్గర నుంచి మేమే ఎత్తుకొచ్చాం.

అడవి పిల్ల ఒంటరిగా కనబడితే ఇంటికి తెచ్చి, పాలు పట్టి, కన్నబిడ్డలా పెంచడమే దయ అని మనలో గట్టి నమ్మకం ఉంది. పత్రికల్లో అలాంటి వార్త పడితే కింద 'మానవత్వం చాటుకున్న యువకుడు' అని రాస్తారు. ఫోన్లో అలాంటి వీడియో చూస్తే కళ్లు చెమర్చుతాయి. ఆ నమ్మకం తప్పు అని నేనంటాను. కొంచెం తప్పు, కొన్ని సందర్భాల్లో తప్పు అని కాదు. నూటికి ఎక్కువ పాళ్లు అది పిల్లను చంపుతుంది, చంపకపోతే అడవికి పనికిరాకుండా చేస్తుంది.

కృష్ణజింక అయినా చుక్కల దుప్పి అయినా, ఈనిన తర్వాత కొన్నాళ్లు పిల్లను వెంట తిప్పుకోదు. గడ్డిలోనో చేలోనో దాచి, తాను దూరంగా మేస్తుంది. దగ్గర నిలబడితే నక్కకూ కుక్కకూ దారి చూపినట్టవుతుంది. ఆ వయసులో పిల్ల ఒంటికి వాసన చాలా తక్కువ. కదలకుండా పడుకోవడమే దానికున్న ఒకే ఒక్క రక్షణ. రోజులో కొన్నిసార్లు తల్లి వచ్చి పాలిచ్చి, నాకి, మళ్లీ వెళ్లిపోతుంది. కుందేలు ఇంకా గుట్టుగా ఉంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. తల్లి చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది, పగలంతా ఆ దరిదాపుల్లోకే రాదు. వేరుశనగ పీకేటప్పుడు దొరికిన కుందేలు పిల్లలను 'దిక్కులేనివి' అనుకుని బుట్టలో వేసుకొచ్చే మనకు ఈ సంగతి తెలియదు. ఎగరడం సరిగ్గా రాకముందే గూడు దిగి నేల మీద గెంతే గోరింక పిల్లదీ ఇదే కథ. దాని తల్లీతండ్రీ పక్క కొమ్మ మీదే నోట్లో పురుగు పెట్టుకుని, మనం ఎప్పుడు పక్కకు జరుగుతామా అని చూస్తుంటాయి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక ముట్టదన్న మాట కూడా ఎక్కువగా పుకారే. గూట్లోంచి పడిన పిల్లను తిరిగి గూట్లో పెడితే తల్లి మామూలుగానే మేత పెడుతుంది.

ఒళ్లో కదలకుండా ఉంది కదా, మనల్ని నమ్మింది కదా అంటారు. ఈ ఒక్క మాట మీదే నాకు ఎక్కువ బాధ. మా బావగారి అమ్మాయి ఒళ్లో ఆ జింకపిల్ల గంటసేపు బొమ్మలా ఉండిపోయింది. 'ఎంత శాంతంగా ఉందో' అనుకున్నాం. దాని గుండె తువ్వాలు మీది నుంచే చేతికి తెలుస్తోంది. అది శాంతం కాదు. వేటజంతువు నోట చిక్కినప్పుడు కొయ్యబారిపోయే భయం అది. జింక జాతిలో ఈ భయం ఒక్కటే ప్రాణం తీయగలదు. తరిమి, పట్టుకుని, కాళ్లు కట్టి మోసినప్పుడు కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వెలువడేది మూత్రపిండాలను పాడుచేస్తుంది. గంటల తర్వాతో, రోజుల తర్వాతో గాయమేమీ లేకుండానే జంతువు కూలిపోతుంది. వైద్యులు దీన్ని క్యాప్చర్ మయోపతీ అంటారు. కుక్కల బారి నుంచి దుప్పిని తప్పించిన యువకులు దాన్ని భుజాన వేసుకుని, పదిమందితో ఫొటోలు దిగి, ఊరేగింపుగా తీసుకెళ్తుంటే, కుక్కలు మొదలుపెట్టిన పనిని వాళ్లు పూర్తిచేస్తున్నారని వాళ్లకు ఎవరైనా చెప్పాలి కదా.

పాల సంగతి. ఏ జంతువు పాలు ఆ జంతువు పిల్లకే కుదురుతాయి. ఆవుపాలో గేదెపాలో పడితే కడుపు చెడుతుంది, నీరసం చూసి మనం ఇంకా పడతాం. వెల్లకిలా పడుకోబెట్టి పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిట్ట ముక్కు తెరిచి నీళ్లు పోస్తే ఇంకా ఘోరం. దాని గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. దాహం తీరుద్దామని పోసిన చెంచాడు నీళ్లతో పిట్ట మునిగిపోతుంది.

సరే, బతికిందనుకుందాం. బతికిన వాటి కథ 2023లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో కాలికి దెబ్బ తగిలిన సారస్ కొంగకు ఒక రైతు కట్టు కట్టి నయం చేశాడు. ఆ కొంగ ఆయన్ను వదల్లేదు. ఆయన మోటారుసైకిల్ వెంట ఎగిరేది, ఆయన పళ్లెంలో తినేది. ఏడాది తర్వాత అటవీ శాఖ దాన్ని సమస్‌పూర్ పక్షి కేంద్రానికి తరలించింది. అక్కడి నుంచి బయటపడి అది మళ్లీ ఒక ఊళ్లో మనుషుల మధ్యే తేలింది. చివరికి కాన్పూర్ జూకు చేరింది. దేశం దేశమంతా 'స్నేహితులను విడదీశారు' అని సర్కారును తిట్టింది. మన తెలుగు చానళ్లూ ఆ పాటే పాడాయి.

ఆ రైతు గాయం మాన్పడం మంచి పని. అందులో సందేహం లేదు. ఆయన బంధించలేదు, పక్షే వదల్లేదు అనే వాదనే అసలు నష్టానికి రుజువు. సారస్ జంట కట్టి ఏళ్లపాటు కలిసి తిరిగే పక్షి. తన జాతి వైపు పోకుండా మనిషి బండి వెనక ఎగురుతోందంటే, దానిలో ఏదో విరిగింది, కాలు కాదు. గుడ్డు నుంచి బయటికి వచ్చిన బాతుపిల్ల మొదట చూసినదాన్నే తల్లి అనుకుని దాని వెంటే పోతుందని కొన్రాడ్ లొరెంజ్ అధ్యయనం చేసి చూపాడు. ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. మన పల్లెల్లో నెమలి గుడ్లు దొరికితే కోడి కింద పొదగేస్తారు. పుట్టిన నెమలిపిల్ల కోడి వెంట పెంటకుప్ప మీద తిరుగుతుంది, కుక్కను చూసి పారిపోవాలని దానికి ఎవరూ నేర్పరు. భయం అడవి జంతువుకు తల్లి ఇచ్చే ఆస్తి. మనం ముద్దుచేసి ఆ ఆస్తిని కాజేస్తున్నాం.

ఇది మనకు కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ ఉంది. గండకీ నది ఒడ్డున సింహగర్జన విని బెదిరి దూకిన లేడి కడుపులోని పిల్ల నీళ్లలో పడుతుంది, తల్లి చనిపోతుంది. రాజ్యం వదిలేసి తపస్సుకు వచ్చిన భరతుడు ఆ పిల్లను పెంచి, దాని మీది మమకారంలో మునిగి, మరుజన్మలో తానే లేడిగా పుడతాడు. హరికథల్లో, ప్రవచనాల్లో వెయ్యిసార్లు విన్నాం. ప్రతిసారీ రాజుగారి తపస్సు భంగమైందనే విన్నాం. ఆయన చనిపోతుంటే ఆ లేడి కొడుకులా పక్కనే కూర్చుని దుఃఖపడిందని భాగవతం చెబుతుంది. ఆ తర్వాత దాని గతేమిటి? మనిషి ఒడి తప్ప ఇంకేదీ తెలియని లేడి ఆ అడవిలో ఎన్నాళ్లు బతికింది? ఒక్క పౌరాణికుడైనా ఈ ప్రశ్న వేయగా నేను వినలేదు. అక్కడ తల్లి నిజంగానే చనిపోయింది, మరో దారి లేదు. మా కంది చేలో తల్లి బతికే ఉంది.

నిజంగా దిక్కులేని పిల్ల అయితే ఏం చేయాలో కూడా 2023 మార్చిలోనే నంద్యాల జిల్లాలో చూశాం. కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. ఊరివాళ్లు వాటిని కుక్కల బారిన పడకుండా ఒక గదిలో పెట్టి అధికారులకు కబురు చేశారు. అటవీ శాఖ మొదట చేసిన పని టి-108 అనే తల్లిపులి కోసం గాలించడం. అది కుదరక, కూనలను తిరుపతి జూకు తరలించారు. 'పసికూనలు ఆకలితో ఉంటే ఇంకా వెతుకుతారేమిటి' అని అప్పట్లో నాతో విసుక్కున్నవాళ్లున్నారు. పులికూన తల్లి వెంట రెండేళ్ల దాకా ఉండి వేట నేర్చుకుంటుంది. చేతితో పెంచిన కూనను అడవిలో వదలాలంటే కనీసం రెండేళ్లు పెంచి, అది సొంతంగా కనీసం 50 వేటలు చేశాకే వదలాలని జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమం పెట్టింది. తల్లి ఊరికే చేసే పనికి సర్కారుకు అంత శ్రమ. అందుకే తల్లి కోసం వెతికిన ఆ రోజులు వృథా కావు. మహారాష్ట్రలో జున్నర్ వైపు చెరకు నరికేటప్పుడు చిరుతకూనలు దొరకడం మామూలు. అక్కడ చూసి చూసి నేర్చుకున్నారు. కూనను పరీక్షించి, దొరికిన చోటే ఒక పెట్టెలో పెట్టి, దూరంగా కెమెరా అమర్చి చీకట్లో కాచుకుంటారు. తల్లి వచ్చి మెడ కరుచుకుని తీసుకుపోతుంది.

నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. "ఫోన్ చేస్తే ఎవరొస్తారు? చూస్తూ చావనివ్వమంటావా?" ఈ కోపం న్యాయమైనది. ఆవుకు జబ్బు చేస్తే 1962కి ఫోన్ చేయొచ్చని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతుకు తెలుసు, మందులతో బండి ఇంటి ముందుకే వస్తుంది. చైనా మాంజాకు రెక్క తెగిన గద్దకు ఏ నంబరు? జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే ఆ దారాన్ని నిషేధించింది, సంక్రాంతికి సంక్రాంతికి గద్దలు చెట్లకు వేలాడుతూనే ఉన్నాయి. ఊళ్లో ఉండే పశువుల డాక్టరు గేదెకూ గొర్రెకూ చెయ్యి తిరిగినవాడు, జింకపిల్లకు మందు వేయడం ఆయనకు అలవాటు లేని పని. ప్రతి జిల్లాలో అడవి జంతువులకు శిక్షణ ఉన్న ఒక వైద్యుడు, ఒక బండి, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ ఉండాలి. దీని కోసం గొడవ చేద్దాం. సారస్ కొంగ కోసం పెట్టిన పోస్టుల్లో పదోవంతు దీని కోసం పెట్టినా ఎమ్మెల్యేలు కదులుతారు. అంతేగాని ఆస్పత్రి లేదు కనుక నేనే ఆపరేషన్ చేస్తాననడం దయ కాదు.

అప్పటిదాకా చేతిలో ఉన్నది చిన్న పనే. రక్తం కారుతుంటే, ఎముక విరిగితే, కుక్క నోట పడి ఉంటే, తల్లి శవం కళ్లెదుట ఉంటే, ఒంటి మీద ఈగలూ చీమలూ ముసిరితే అప్పుడు ఎత్తాలి. గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, వెచ్చగా, ఎవరూ మాట్లాడని గదిలో ఉంచాలి. ఏమీ తినిపించకూడదు, తాగించకూడదు. ఫారెస్టు వాళ్లకు చెప్పాలి. కోతో ముంగిసో కరిస్తే సబ్బుతో పావుగంట కడుక్కుని రేబిస్ టీకాకు పరుగెత్తాలి. చాలామంది 'కేసు పెడతారు' అనే భయంతో దాచేస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు సర్కారు ఆస్తి. అది చేతికి వచ్చినవాళ్లు 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధికారికో తెలపాలి. చట్టం ముందుగా అడిగేది అదే. దాచి పెంచుకోవడం నేరం.

రెండేళ్ల తర్వాత అదే చేలో, మళ్లీ కోత రోజుల్లోనే, ఇంకో పిల్ల కనబడింది. ఈసారి మా బావగారు ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. ఒకాయన ఫోన్ తీస్తే లోపల పెట్టించారు. పిల్ల పడుకున్న చోటుకు అటూ ఇటూ నాలుగేసి సాళ్లు కోయకుండా వదిలేసి, గుర్తుకు రెండు కర్రలు పాతి, కూలీలను చేను అవతలి కొసకు పంపించారు. కుక్కను ఇంటి దగ్గరే కట్టేశారు. పొద్దుగూకాక గట్టు మీద ఆడజింక కనిపించింది. తల ఎత్తి చాలాసేపు మా వైపు చూస్తూ నిలబడింది. మేం బండి ఎక్కి వెళ్లిపోయాం. తెల్లారి వచ్చి చూస్తే కంది మొదళ్ల మధ్య ఒరిగిన ఆకులు, చిన్న గిట్టల గుర్తులు. మిగిలిన ఎనిమిది సాళ్లూ ఆ పూట కోశారు.