నేను కట్టిన కర్నూలు

మొన్న దసరా సెలవుల్లో నేను కర్నూలు కట్టాను. మూడు రాత్రులు పట్టింది. కంగారు పడకండి, కంప్యూటర్లోనే లెండి.

ఊళ్లు కట్టే ఆటల పిచ్చి నాకు చిన్నప్పటినుంచీ ఉంది. అప్పట్లో ఇంజినీరింగ్ చదువుతున్న మా పెద్దనాన్న కొడుకు సెలవులకు వస్తూ గీతలు పడ్డ ఒక సీడీ తెచ్చాడు. సిమ్ సిటీ 4. అది 2003లో వచ్చిన ఆట, మా ఇంట్లో కంప్యూటర్ అంతకన్నా పాతది. ఊరు కాస్త పెద్దదయ్యేసరికి మెషీన్ మూలిగేది. అయినా సరే, స్కూలు నుంచి రాగానే దాని ముందే. ఇళ్లకి పచ్చ, అంగళ్లకి నీలం, ఫ్యాక్టరీలకి పసుపు. రంగులు పూసి, రోడ్డు గీసి, కరెంటిచ్చి కూర్చుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. పదమూడేళ్ల పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

ఇప్పుడు ఆడేది సిటీస్ స్కైలైన్స్. 2015లో ఫిన్లాండులో ఒక చిన్న కంపెనీ చేసింది. ఇందులో ఒక సౌకర్యం ఉంది, నిజమైన నేల ఎత్తుపల్లాల డేటా తెచ్చి మ్యాపుగా పెట్టుకోవచ్చు. ఒక్కో మ్యాపు ఇటు 17 కిలోమీటర్లు, అటు 17 కిలోమీటర్లు. కర్నూలు సరిగ్గా పట్టింది. ఉత్తరాన తుంగభద్ర, దక్షిణం నుంచి వచ్చి దాంట్లో కలిసే హంద్రి, ఇటుపక్క జగన్నాథగట్టు. గట్టు మీద యూనివర్సిటీ పెట్టాను. పాత ఊరికి ట్రామ్ వేశాను. సి.క్యాంపు నుంచి రైల్వేస్టేషనుకి మెట్రో! లక్ష జనాభా దాటగానే స్క్రీన్ షాట్ తీసి కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టా. "ఇట్లుంటే మనం బెంగుళూరుకి ఎందుకొస్తాం మామా" అని ఒకడు, "ఐటీ పార్కు ఒకటి పడేసుంటే ఎప్పుడో అయ్యేది" అని ఇంకొకడు. నేనూ బొటనవేలు గుర్తులు కొట్టాను.

ఆ సెలవులకి అమ్మా నాయనా బెంగుళూరు వచ్చి ఉన్నారు. ఇక్కడ మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మా నాయన కెసి కెనాల్ మీద లస్కర్ గా చేసి రిటైరయ్యాడు. లస్కర్ అంటే తెలియనివాళ్లకి: కాలువ మీద తూములు ఎత్తేవాడు, దించేవాడు, రాత్రిళ్లు ఎవరూ గండి కొట్టకుండా కట్ట మీద తిరిగేవాడు. అమ్మది కడప జిల్లా చాపాడు దగ్గర పల్లె. అదే కాలువకి కొస. అంటే మా ఇంట్లో జరిగింది కాలువ మొదలుకీ కొసకీ పెళ్లి. ఏ విషయం మీద గొడవ మొదలైనా అమ్మ చివరికి ఒకటే మాట దగ్గరికి తెస్తుంది: "మీరు పైన తాగినంక మాకు మిగిలిందేముంది?"

నాయన వెనక నిలబడి కాసేపు చూశాడు. నేను గొప్పగా నీళ్ల ప్యానెల్ తెరిచి చూపించా. ఊరికి కావలసింది ఇంత, పంపులు తోడేది ఇంత, మిగులు ఇంత. అంతా పచ్చగా ఉంది.

"బాగుండాది గానీ, ఏప్రిల్లో ఎట్లుంటాదిరా ఈ ఏరు?"

"ఎప్పుడూ ఇట్లే ఉంటుంది నాయనా. ఇందులో ఎండాకాలం లేదు."

"పైన డ్యామ్ యాడుంది?"

"లేదు."

"మరి నీళ్లు యాన్నుంచి వస్తాన్నాయి?"

మ్యాపు అంచు చూపించా. అక్కడ ఒక ఊట లాంటిది పెడతారు, దాంట్లోంచి ఒకటే మట్టంతో పన్నెండు నెలలూ నీళ్లు వస్తూ ఉంటాయి. నాయన నవ్వాడు. "ఆ అంచుకి అవతల ఎవురుండారో చూసుకోవల్ల గదా" అని టీవీ చూడ్డానికి పోయాడు.

నాకు ఆ రాత్రి ఆట సాగలేదు.

ఈ ఆటల చరిత్ర కాస్త తిరగేస్తే నవ్వొచ్చే సంగతి ఒకటి కనిపిస్తుంది. విల్ రైట్ 1989లో విడుదల చేసిన మొట్టమొదటి సిమ్ సిటీలో మంచినీళ్ల అవసరమే లేదు. నది ఉంటుంది, చూడ్డానికి. జనానికి కరెంటు కావాలి, రోడ్లు కావాలి, పోలీసులు కావాలి, నీళ్లు మాత్రం అక్కర్లేదు. పైపులూ పంపులూ 1993లో సిమ్ సిటీ 2000తో వచ్చాయి. నమ్మకం లేకపోతే మొదటి ఆట సోర్స్ కోడ్ 2008లో మైక్రోపోలిస్ పేరుతో బయటపెట్టారు, తీసి చూసుకోండి. అది రాసింది కర్నూలోడు అయ్యుంటే మెయిన్ ఫంక్షన్లో మొదటి లైను బిందెల వరసే అయ్యుండేది :)

నేను విల్ రైట్ ని తప్పుపట్టడం లేదు. ఆయన చదివి ప్రేరణ పొందిన పుస్తకాల్లో ఒకటి ఎంఐటీలో జే ఫారెస్టర్ 1969లో రాసిన అర్బన్ డైనమిక్స్. (ఫారెస్టర్ ఎవరో కాదు, మన పాత కంప్యూటర్లలో ఉండే మాగ్నెటిక్ కోర్ మెమరీ మీద పని చేసిన పెద్దాయన.) ఆయన మోడల్లో ఊరు ఒక వ్యవస్థ. ఊరి బయటిదంతా ఒక అంతులేని పరిసరం. కావాలంటే జనం అక్కడినుంచి వస్తారు, నచ్చకపోతే అక్కడికే పోతారు. ఆ బయట ఏం జరుగుతుందన్నది లెక్కలోకి రాదు. ప్రోగ్రాం రాసేవాడిగా నాకు అర్థమవుతుంది, ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఏ సిస్టమూ పూర్తి కాదు. మనం రోజూ చేసే పని అదే కదా. గీతకి అవతలున్నది స్థిరం అనుకుని రాసేస్తాం.

కానీ మా ఊరి బతుకంతా ఆ గీతకి అవతలే ఉంది. అదీ నా బాధ.

చూడండి. కెసి కెనాల్ కి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చింది 39.9 టీఎంసీలు. కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీలో ఆగేది 1.2 టీఎంసీలు. మిగతాదంతా ఏటి ప్రవాహం, పైనున్న డ్యాము దయ. ఆ డ్యాము హోస్పేట దగ్గర, పక్క రాష్ట్రంలో. కట్టినప్పుడు దాని సామర్థ్యం 133 టీఎంసీలు, పూడిక చేరీ చేరీ ఇప్పుడు 105 చిల్లర. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 19వ గేటు కొట్టుకుపోయింది. హోస్పేటలో ఒక గొలుసు తెగితే కర్నూల్లో, కడపలో రైతు నారు పోయాలా వద్దా అని ఆగిపోయాడు. కన్నయ్యనాయుడు గారు, ఆయనతో ఉన్న ఇంజినీర్లు పారే నీళ్లలోనే స్టాప్ లాగ్ దించి వారంలో ఆపగలిగారు కాబట్టి సరిపోయింది. ఆ వారం రోజులూ నాయన టీవీ ముందునుంచి లేవలేదు, ప్రపంచకప్ ఫైనల్ కూడా అట్లా చూడలేదు.

ఇప్పుడు మా ఫ్రెండ్స్ గ్రూపులో మాటలు గుర్తు తెచ్చుకోండి. "ఐటీ పార్కు పడేస్తే" అన్నాం. ఓర్వకల్లు రాళ్ల మీద పరిశ్రమలు అంటాం, విమానాశ్రయం 2021లో వచ్చింది కదా అంటాం. ఇవి వద్దని నేననను. కానీ ఈ మాట్లాడే పద్ధతి ఆటలోంచి వచ్చిందే. ఖాళీ నేల, చేతిలో డబ్బు, పసుపు రంగు పూస్తే ఫ్యాక్టరీ. ఆటలో ఇంకో సుఖం, శంకుస్థాపన బటన్ ఉండదు. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో రాళ్లు వేశారు. ఆటలో అయితే మొదటి క్లిక్కుకే పొగ వచ్చేది.

మాకు ఇట్లాంటి ఆటలు కొత్త కూడా కాదు. కెసి కెనాల్ పుట్టుకే అట్లాంటిది. 1850ల చివర్లో ఇంగ్లండులో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని పెట్టారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడి, దాని మీద నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వం పూచీ. నష్టమొచ్చినా వడ్డీ వస్తుంది, చీట్ కోడ్ కొట్టి ఆడినట్టు. 1863లో తవ్వడం మొదలుపెట్టారు, సాగుకే కాదు పడవలు తిప్పడానికి కూడా. అనుకున్నదానికన్నా ఖర్చు ఎక్కడికో పోయింది. తీరా నీళ్లొచ్చాక రైతులు తీసుకోలేదు! నల్లరేగడిలో జొన్న, పత్తి మెట్టన పండించుకునేవాళ్లకి నీటితీరువా కట్టి మరీ ఆ నీళ్లు ఎందుకు? కాలువ ఇస్తే గిరాకీ దానంతటదే వస్తుందని లండన్ మేయర్లు అనుకున్నారు, ఇక్కడి మనుషుల్ని అడగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఇప్పుడు అదే కాలువ నీళ్ల కోసం రైతులు ధర్నాలు చేస్తారు. అది మారడానికి కొన్ని తరాలు పట్టింది, ఎంత వేగంగా ఆడించినా అంత కాలం ఏ ఆటలోనూ గడవదు.

1953 అక్టోబరు 1న కర్నూలుని ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా పెట్టారు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న హైదరాబాదుకి ఎత్తేశారు. మూడేళ్ల నెల. మాకు మిగిలింది ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు.

2009 సంగతి చెప్పకుండా ఇది పూర్తవదు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ ఏడు వానాకాలం ముక్కాలు భాగం కరువే. మా వీధిలో కొళాయి వచ్చే టైముకి ఎదురింటివాళ్లు మోటరు బిగించి గుంజేవాళ్లు, దాని మీద రోజూ యుద్ధం. అట్లాంటిది అక్టోబరు 2న, గాంధీజయంతి, స్కూలు సెలవు, హంద్రీ తుంగభద్రా కలిసి ఊళ్లోకి వచ్చాయి. కింద శ్రీశైలం నిండి వెనక్కి తన్నుతోంది, దానికి వచ్చే వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మేము ఆ ఎదురింటివాళ్ల మిద్దె మీదే రెండు రాత్రులు గడిపాం. చుట్టూ ఏరు, తాగడానికి చుక్క లేదు. వాళ్ల పెద్దమ్మ ఒక చెంబు నీళ్లు పదిమందికి మూతతో కొలిచి పోసింది. మోటరు గురించి మళ్లీ ఎప్పుడూ మా అమ్మ వాళ్లతో గొడవ పడలేదు.

నాయన మాట విన్న మర్నాడు మ్యాప్ ఎడిటర్ తెరిచి అంచులో ఊట మట్టం పెంచి చూశాను. నీళ్లు వచ్చాయి. నేను పూసిన నీలం రంగంతా, ట్రామ్ అంతా మునిగింది. ఇళ్ల మీద చిన్న చిన్న గుర్తులు వెలిగాయి, కొన్నాళ్లకి జనం ఖాళీ చేసి మ్యాపు అంచు దాటి వెళ్లిపోయారు. ఎక్కడికి వెళ్తారో ఆట చెప్పదు. నేను చెప్పగలను. బెంగుళూరులో మారతహళ్లికో, హైదరాబాదులో కూకట్ పల్లికో వెళ్తారు. వెళ్లి అక్కడ రెండు రోజులకొకసారి ట్యాంకర్ తెప్పించుకుని, రాత్రిపూట తమ ఊరు మళ్లీ కడుతూ కూర్చుంటారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఆట నాకు నేర్పిన మంచి ఒకటుంది. మురుగు పైపు పంపుకి ఎగువన పెడితే ఊరంతా జబ్బు పడుతుంది. ప్రతి ఆటగాడూ ఒకసారి ఆ తప్పు చేసి జనాన్ని చంపుకుంటాడు, రెండోసారి దిగువన పెడతాడు. పెట్టి నిశ్చింతగా ఉంటాడు, ఎందుకంటే దిగువన మ్యాపు అయిపోతుంది. నిజం కర్నూల్లో మన మురుగు హంద్రిలోకీ, అట్నుంచి తుంగభద్రలోకీ పోతోంది. దిగువన అయిపోయేదేమీ లేదు, ఊళ్లున్నాయి. సుంకేసుల మనకి పైన అయినట్టే మనమూ ఎవరికో పైన. మా ఫ్రెండు ఐటీ పార్కు అన్నప్పుడల్లా ఇప్పుడు నేను రెండే అడుగుతున్నా: నీళ్లు ఎవరి వాటాలోంచి? మురుగు ఎవరి మీదికి? వాడికి విసుగొచ్చి "నువ్వు లస్కర్ కొడుకువిరా" అన్నాడు.

వెళ్లేముందు రోజు నాయన మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి నేను కెసి కెనాల్ కూడా తవ్వాను. సుంకేసుల మ్యాపులో పట్టలేదు కాబట్టి పడమటి అంచునుంచే మొదలుపెట్టి, ఊరి మధ్యనుంచి తీసుకెళ్లి, కిందికి వదిలాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాలువ వెంబడే వేలు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆపి "ఈడ తూము ఉండల్ల" అన్నాడు. పెట్టడానికి ఆటలో తూములు లేవన్నాను. వేలు స్క్రీను చివరికొచ్చి ఆగింది.

"ఇంతేనా?"

"మ్యాపు అయిపోయింది నాయనా. నంద్యాల, చాపాడు ఇంక పట్టవు."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "నీ కొడుకూ అంతేలే. మా ఊరి దాకా ఎప్పుడొచ్చినాయి నీళ్లు!"