వుల్ఫ్‌ని మళ్లీ చదివాక

మొన్న దసరా సెలవుల్లో నారాయణగూడలో మా మామయ్య వాళ్లింట్లో అటక మీద బూజు దులుపుతుంటే, పాత పేపర్ల కట్టల మధ్య రెండు టిన్‌టిన్ పుస్తకాలు దొరికాయి. ఒకటి 'డెస్టినేషన్ మూన్', రెండోది దాని తరువాయి భాగం 'ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ది మూన్'. ఐదో క్లాసులో ఇవంటే నాకు ప్రాణం. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఎరుపు తెలుపు గళ్ల రాకెట్ బొమ్మలు చూస్తూ మిగతా కథ నేనే అల్లుకునేవాణ్ణి. ఇప్పుడు థర్డ్ ఇయర్ మెకానికల్ బుర్రతో మళ్లీ చదివాను.

బెల్జియం చిత్రకారుడు హెర్జే ఈ కథని 1950లో పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టి 1953లో ముగించాడు. అప్పటికి స్పుత్నిక్ కూడా ఎగరలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఇంకా పదహారేళ్లుంది. అయినా ఎంత హోంవర్క్ చేశాడో! రాకెట్ సగం దారి వేగం పెంచుకుంటూ పోయి, అక్కడ వెనక్కి తిరిగి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ వెళ్తుంది. అందుకే లోపలివాళ్లు మామూలుగా నిలబడగలుగుతారు. మధ్యలో పొరపాటున ఇంజన్ ఆగిపోతే కెప్టెన్ హాడక్ గ్లాసులో విస్కీ ఉండలా చుట్టుకుని గాల్లో తేలుతుంది.

ఊరుకోలేక నోట్‌బుక్ చివరి పేజీలో లెక్కేశాను. త్వరణం 1 జి, దూరం 3,84,000 కిలోమీటర్లు. ప్రయాణం సుమారు మూడున్నర గంటలు, సగం దారిలో వేగం సెకనుకు 61 కిలోమీటర్లు! అపోలో 11కి నాలుగు రోజులు పట్టింది. మన చంద్రయాన్-3 శ్రీహరికోటలో 2023 జూలై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది. అంత త్వరణంతో అంతసేపు ఆగకుండా రాకెట్‌ని నెట్టే ఇంజన్ ఇవాళ్టికీ లేదు. హెర్జే 'అణు ఇంజన్' అనేసి దాటేశాడు. కానీ చంద్రుడి గుహలో టిన్‌టిన్‌కి మంచు కనిపించినట్టు గీశాడు. చంద్రయాన్-1 మోసుకెళ్లిన పరికరం నీటి ఆనవాళ్లు పట్టిందని మనం విన్నది 2009లో. ఒక్క విషయంలో మాత్రం పుస్తకం బాగా పాతబడింది. ఇంత పెద్ద ప్రాజెక్టులో చెప్పుకోదగ్గ ఆడమనిషి ఒక్కరూ లేరు. చంద్రయాన్-3 అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన మాట్లాడుతుంటే టీవీలో చూసిన తరం మనది.

ఇంతవరకూ టెక్‌ఫెస్ట్ ముచ్చట. నేను చెప్పాలనుకున్నది వుల్ఫ్ గురించి.

ఫ్రాంక్ వుల్ఫ్ ఆ ప్రాజెక్టులో ఇంజనీరు, ప్రొఫెసర్ కాల్క్యులస్‌కి కుడిభుజం. ఎప్పుడో జూదంలో అప్పులపాలయ్యాడు. ఆ గుట్టు పట్టుకున్నవాళ్లు బెదిరించి రహస్యాలు లాగారు. చివరికి జోర్గన్ అనే శత్రువుని రాకెట్లో దాచిపెట్టాల్సి వచ్చింది. ఆక్సిజన్ తెచ్చుకున్నది నలుగురికి. రాత్రి 1:34ని మధ్యాహ్నం అనుకుని లోపలే ఉండిపోయిన జంట డిటెక్టివ్‌లతో, జోర్గన్‌తో కలిపి ఏడుగురయ్యారు. తిరుగు ప్రయాణంలో జోర్గన్ పోయాక కూడా గాలి చాలదని తెలిసి, వుల్ఫ్ ఒక చీటీ రాసిపెట్టి తలుపు తీసుకుని శూన్యంలోకి వెళ్లిపోతాడు.

చిన్నప్పుడు వాడంటే నాకు ఒళ్లుమంట. ద్రోహి కదా, పోతే పోయాడు అనుకున్నాను.

ఈసారి ఆ పుస్తకాలు బ్యాగులో వేసుకుని అశోక్‌నగర్‌లో మా పెదనాన్న కొడుకు రూముకి వెళ్లాను. అన్న గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే మళ్లీ రాత్రికే రావడం. "ఏంట్రా, ఇంకా బొమ్మల పుస్తకాలేనా?" అని నవ్వాడు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే లైటేసుకుని అవే చదువుతున్నాడు. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పాడు. కిందటేడు ఐపీఎల్ బెట్టింగ్‌లో కోచింగ్ ఫీజు పోయిందట. అది పూడ్చడానికి ఒక లోన్ యాప్, దాన్ని తీర్చడానికి ఇంకోటి. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని బెదిరింపులు. నెలల తరబడి ఇంట్లో నోరు విప్పలేదు.

"వాడు మొదట్లోనే కాల్క్యులస్‌కి చెప్పేసుంటే అయిపోయేది కదరా" అన్నాడు.

వుల్ఫ్ త్యాగం గొప్పదని అభిమానులు అంటుంటారు. నాకు అలా అనిపించడం లేదు. అదే కథలో చూడండి. గాలి చాలదని తెలిసి కూడా టిన్‌టిన్ వాళ్లు వుల్ఫ్‌ని, జోర్గన్‌ని చంద్రుడి మీద వదిలెయ్యలేదు, వెంట తీసుకొచ్చారు. అంటే చెప్తే వినేవాళ్లు ఆ రాకెట్లోనే ఉన్నారు. వుల్ఫ్ తప్పు జూదంతో మొదలైంది నిజమే. కానీ తప్పుని ద్రోహం దాకా, అక్కణ్ణుంచి ఆ తలుపు దాకా లాక్కెళ్లింది మాత్రం దాచిపెట్టడమే. దాన్ని త్యాగమని మెచ్చుకుంటే, అప్పుల్లో పడ్డవాడికి ఇంకో దారి లేదని మనమే ఒప్పుకున్నట్టు.

మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2017 నుంచే నిషేధం ఉంది. అయినా మ్యాచ్ ఉన్న రోజు హాస్టల్ కారిడార్‌లో నడిస్తే ఏం వినిపిస్తుందో మనందరికీ తెలుసు. పోగొట్టుకున్నవాడికి చట్టం కంటే ముందు కావాల్సింది, తిట్టినా సరే, కూర్చుని పూర్తిగా వినే మనిషి. పెదనాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "మొత్తం ఎంతో రాసి పంపు" అన్నారు.

ఇది రాస్తానంటే అన్న సరేనన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. పుస్తకాలు ఇప్పుడు నా రూములో ఉన్నాయి. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి. రెండోది చదివాక ఎవరితోనైనా ఏదైనా చెప్పుకోవాలనిపిస్తే, అప్పుడూ రండి.